రెండు దీవులు, ఐదు నల్లా బిల్లులు

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఇంగ్లాండ్ వెళ్లి కాపురం పెట్టిన తెలుగు కుటుంబానికి మొదటి నెలల్లోనే వచ్చే కాగితాల్లో నీళ్ల బిల్లు ఒకటి. అందులో రెండు పద్దులు ఉంటాయి. ఒకటి ఇంట్లోకి వచ్చే మంచినీళ్లకు, రెండోది ఇంట్లోంచి బయటికి పోయే మురుగునీటికి. కొత్తగా వెళ్లినవాళ్లను ఆశ్చర్యపరిచేది ఆ రెండోదే. వాడి పారబోసిన నీళ్లకు మళ్లీ డబ్బులేంటి, అదీ చాలాచోట్ల మంచినీళ్ల కంటే ఎక్కువ! పోనీ కరెంటు కంపెనీని మార్చుకున్నట్టు ఈ కంపెనీని మార్చేద్దామంటే కుదరదు. ఆ వీధికి వచ్చే గొట్టం అదొక్కటే.

అదే కుటుంబం ఉద్యోగం మారి స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో వెళ్లిందనుకోండి. నీళ్ల బిల్లు విడిగా రాదు, ఇంటి పన్నులాంటి కౌన్సిల్ ట్యాక్స్‌తో కలిసి వస్తుంది. వేల్స్‌లోని కార్డిఫ్ వెళ్తే బిల్లు వస్తుంది కానీ, పంపే కంపెనీకి వాటాదారులంటూ ఎవరూ ఉండరు. ఉత్తర ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో ఇళ్లకు బిల్లే లేదు. అక్కడి నుంచి రెండు గంటలు కారులో వెళ్తే దేశం మారిపోయి డబ్లిన్ వస్తుంది. అక్కడా మామూలు వాడకానికి బిల్లు లేదు. ఒకసారి పెట్టారు, జనం రోడ్డెక్కారు, కట్టించుకున్న డబ్బు ప్రభుత్వం వెనక్కి ఇచ్చింది.

బ్రిటన్, ఐర్లాండ్ పక్కపక్కనే ఉన్న రెండు దీవులు. ఒకే రకం వాన. గొట్టాలు చాలావరకు ఒకే కాలం నాటివి. పద్ధతులు మాత్రం ఐదు. నీటి సరఫరా ప్రైవేటు చేతిలో ఉంటే మంచిదా, ప్రభుత్వం చేతిలో ఉంటే మంచిదా అని మన దగ్గర వాదన వచ్చినప్పుడల్లా నాకు ఈ రెండు దీవులే గుర్తొస్తాయి. ఇంత దగ్గర దగ్గరగా ఇన్ని పద్ధతులు పోల్చి చూసుకునే వీలు ఇంకెక్కడా దొరకదు. పోల్చి చూసిన కొద్దీ నాకు ఆ వాదన సగమే అనిపించింది. గొట్టం ఎవరి పేరు మీద ఉందన్నది ముఖ్యమే. కానీ పాతబడిన గొట్టాన్ని మార్చే ఖర్చు ఎవరి మీద పడుతోంది, ఇప్పటి తరం మీదా, రాబోయే తరం మీదా, ఆ లెక్క జనానికి కనిపిస్తోందా అన్న ప్రశ్నలు అంతకంటే లోతైనవి.

ముందు గొట్టం సంగతి

ఈ వ్యాపారంలో నీళ్లు చవక, గొట్టాలు ఖరీదు. వాన ఊరికే పడుతుంది. దాన్ని నిలవచేసి, శుద్ధి చేసి, ఒత్తిడితో మూడో అంతస్తు దాకా పంపడానికి, తిరిగి మురుగును పోగుచేసి ప్లాంటుకు తరలించి శుభ్రం చేసి నదిలో వదలడానికి కావలసిన ఏర్పాటంతా భూమిలో పాతిపెట్టిన పెట్టుబడి. ఒక ఊళ్లో రెండు కంపెనీలు రెండు జతల గొట్టాలు వేయడం అర్థంలేని పని. అందుకే ఎక్కడైనా ఈ సేవ ఒకరి గుత్తాధిపత్యమే. పోటీ ఉండదు కాబట్టి ధర సరైనదా కాదా అని ఎవరో ఒకరు బయటి నుంచి తేల్చాలి. ఎవరు తేల్చాలి, ఎలా తేల్చాలి అన్న దగ్గరే ఐదు దారులు విడిపోయాయి.

ఇంకో చిక్కు చరిత్ర ఇచ్చింది. 1858 వేసవిలో లండన్‌లో థేమ్స్ నది కంపు ఎంతగా పెరిగిందంటే, నది ఒడ్డునే ఉన్న పార్లమెంటులో సభ్యులు కూర్చోలేకపోయారు. అంతకు నాలుగేళ్ల ముందే డాక్టర్ జాన్ స్నో సోహోలోని బ్రాడ్ స్ట్రీట్ చేతిపంపు నీళ్ల వల్లే కలరా వ్యాపిస్తోందని చూపించాడు. ముక్కు దాకా వచ్చాక పార్లమెంటు కదిలింది. జోసెఫ్ బజల్‌గెట్ అనే ఇంజినీరు లండన్ కింద భారీ ఇటుక సొరంగాలు కట్టాడు. ఆ కాలపు పద్ధతిలో ఇంటి మురుగూ వాననీళ్లూ ఒకే సొరంగంలో పోతాయి. బ్రిటన్, ఐర్లాండ్‌లలోని పాత ఊళ్లు చాలావరకు ఇదే పద్ధతిని పట్టుకున్నాయి.

పెద్ద వాన కురిస్తే ఆ సొరంగం నిండిపోతుంది. నిండినప్పుడు నీళ్లు ఎటో ఒకటు పోవాలి. తోవ ఇవ్వకపోతే ఇళ్లలోని మరుగుదొడ్ల నుంచి పైకి తన్నుకొస్తాయి. అందుకని నదుల ఒడ్డున, సముద్రం ఒడ్డున పొంగుద్వారాలు పెట్టారు. కుండపోత వానల్లో మాత్రమే అవి తెరుచుకోవాలన్నది ఉద్దేశం. హైదరాబాద్‌లో జోరువాన పడ్డప్పుడు డ్రైనేజీ మ్యాన్‌హోళ్లు రోడ్డు మీద పొంగడం చూసినవాళ్లకు ఈ ఇబ్బంది ఇట్టే అర్థమవుతుంది. కాకపోతే అక్కడ ఆ పొంగు రోడ్డు మీదికి రాకుండా ఎవరికీ కనబడకుండా నదిలోకి పోతుంది. ఊళ్లు పెరిగాయి. పెరట్లు, తోటలు ఉన్నచోట సిమెంటు పరుచుకుంది. వాన నేలలో ఇంకకుండా నేరుగా గొట్టంలోకి చేరుతోంది. కుండపోత కోసం పెట్టిన ద్వారాలు మామూలు వానకే తెరుచుకోవడం మొదలైంది.

ఇంగ్లాండ్: అమ్మేసిన తర్వాత

1974లో ఇంగ్లాండ్, వేల్స్‌లలో వందలాది చిన్న సంస్థల చేతిలో ఉన్న నీళ్లనూ మురుగునూ పది ప్రాంతీయ జలసంస్థల కింద పెట్టారు. జిల్లాల హద్దులు చూడకుండా నదీ పరీవాహక ప్రాంతాలను బట్టి విభజించారు. నా దృష్టిలో ఇది చాలా తెలివైన పని. నది పుట్టినచోటు నుంచి సముద్రంలో కలిసేదాకా ఒకే సంస్థ బాధ్యత. కానీ అదే దశాబ్దంలో బ్రిటన్ ఆర్థికంగా చితికిపోయింది. ప్రభుత్వ సంస్థలు అప్పు తెచ్చుకోవడానికి అక్కడి ఆర్థికశాఖ ట్రెజరీ పరిమితులు పెట్టింది. పొదుపు చేయాలంటే ముందుగా కోతపడేది కంటికి కనిపించని గొట్టాల మీదే. ఇంకోవైపు మురుగు శుద్ధి గురించి, సముద్రతీరాల పరిశుభ్రత గురించి యూరప్ నియమాలు గట్టిపడుతున్నాయి. అప్పటికి బ్రిటన్ ఓడల్లో మురుగు బురదను తీసుకెళ్లి సముద్రంలో పారబోస్తోంది. ఆ పని 1998లో గానీ పూర్తిగా ఆగలేదు.

చేయాల్సిన ఖర్చు చాలా పెద్దది. అది ప్రభుత్వ లెక్కల్లో కనబడకూడదు. మార్గరెట్ థాచర్ ప్రభుత్వం 1989లో ఈ పది సంస్థలనూ షేర్ మార్కెట్లో అమ్మేయడానికి ఆమె సిద్ధాంతం ఎంత కారణమో, ఈ లెక్క కూడా అంతే కారణం. అమ్మకంలో దాదాపు 760 కోట్ల పౌండ్లు వచ్చాయి. కొనేవాళ్లకు ఆకర్షణగా ఉండాలని దాదాపు 500 కోట్ల పౌండ్ల పాత అప్పు మాఫీ చేశారు. పర్యావరణ పనుల కోసమని ఇంకో 150 కోట్ల పౌండ్లు చేతికిచ్చారు. కూతురికి కట్నం ఇచ్చి పంపినట్టు పంపారన్నమాట. అక్కడి పత్రికలు కూడా దీన్ని కట్నమనే పిలిచాయి. ఫ్రాన్స్‌లో ప్రైవేటు కంపెనీలు కాంట్రాక్టు మీద నడుపుతాయి తప్ప గొట్టాలు ఊరివే. ఇంగ్లాండ్ గొట్టాలు, రిజర్వాయర్లు, భూములు అన్నీ అమ్మింది. ప్రపంచంలో ఇలా చేసినవాళ్లు చాలా అరుదు.

ధరల మీద అదుపు కోసం ఆఫ్‌వాట్ అనే నియంత్రణ సంస్థను పెట్టారు. అది ఐదేళ్లకోసారి కంపెనీ ఏం పనులు చేయాలో, వాటికి ఎంత బిల్లు వేయొచ్చో తేలుస్తుంది. చిక్కుముడి అసలు ఇక్కడే పడింది. కాస్త ఓపికగా చూద్దాం.

ఆఫ్‌వాట్ ప్రతి కంపెనీ ఆస్తికి ఒక విలువ కడుతుంది. కంపెనీ కొత్త ప్లాంటు కడితే ఆ విలువ పెరుగుతుంది. ఆ విలువ మీద ఇంత శాతం రాబడి న్యాయమని లెక్కేసి, దాన్ని జనం బిల్లులో కలుపుతుంది. కంపెనీ తన సొంత డబ్బు పెట్టుబడిగా పెట్టినా, అప్పు తెచ్చి పెట్టినా ఆ లెక్క మారదు. నీళ్ల కంపెనీకి ఖాతాదారులు పారిపోరు కాబట్టి అప్పిచ్చేవాళ్లు తక్కువ వడ్డీకే ఇస్తారు. ఆఫ్‌వాట్ అనుకున్న రేటు కంటే చవకగా అప్పు దొరికితే మిగిలేదంతా వాటాదారులదే. అలాంటప్పుడు సొంత డబ్బు ఎందుకు పెట్టాలి? అప్పు మీద అప్పు తెచ్చారు. కొన్ని కంపెనీలకు ఒకదానిపై ఒకటిగా మాతృసంస్థల అంతస్తులు లేచాయి. డబ్బు కింది నుంచి పైకి డివిడెండ్లుగా వెళ్లింది. 1989లో అప్పు లేకుండా మొదలైన ఈ రంగం ఇప్పుడు 6,000 కోట్ల పౌండ్లకు పైగా బాకీ ఉంది. ఆ అప్పులో పెద్ద భాగం ద్రవ్యోల్బణంతో ముడిపడింది. 2022లో ధరలు మండినప్పుడు వడ్డీతో పాటు అసలు మొత్తం కూడా ఉబ్బిపోయింది.

థేమ్స్ వాటర్ ఈ పద్ధతికి నిలువెత్తు ఉదాహరణ. లండన్‌నూ థేమ్స్ లోయనూ కలిపి 1.6 కోట్ల మందికి సేవలందించే కంపెనీ అది. 2006లో ఆస్ట్రేలియాకు చెందిన మక్వారీ నాయకత్వంలోని పెట్టుబడిదారులు దాన్ని కొన్నారు. 2017లో మక్వారీ చివరి వాటా అమ్ముకుని బయటపడేసరికి కంపెనీ అప్పు దాదాపు మూడు రెట్లైంది. అదే ఏడాది, 2013, 2014లలో థేమ్స్ నదిలోకి మురుగు వదిలినందుకు కోర్టు 2.03 కోట్ల పౌండ్ల జరిమానా వేసింది. 2025 ఫిబ్రవరిలో కంపెనీ చేతిలో నగదు అయిపోవస్తుంటే 300 కోట్ల పౌండ్ల అత్యవసర రుణానికి కోర్టు అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. దాని మీద వడ్డీ 9.75 శాతం. అదే ఏడాది మే నెలలో మురుగు విడుదలకూ, ఇవ్వకూడని డివిడెండ్లు ఇచ్చినందుకూ కలిపి ఆఫ్‌వాట్ 12.27 కోట్ల పౌండ్ల జరిమానా విధించింది. దక్షిణ తీరంలోని సదరన్ వాటర్ కథ ఇంకా బాధాకరం. 2010 నుంచి 2015 దాకా వేలసార్లు మురుగును తీరజలాల్లోకి వదిలినట్టు అది కోర్టులో ఒప్పుకుంది. 2021లో పడ్డ జరిమానా 9 కోట్ల పౌండ్లు. ఆ నీళ్లలో జనం ఈతకొడతారు, ఆల్చిప్పలు పట్టి అమ్ముకుంటారు. దాన్ని కేవలం నియమ ఉల్లంఘన అని రాయడానికి నాకు మనసొప్పదు.

న్యాయంగా చెప్పాలంటే రెండో వైపు కూడా ఉంది. అమ్మకం తర్వాత పెట్టుబడి పెరిగింది. తాగునీటి నాణ్యత బాగా మెరుగుపడింది, ఒకప్పుడు కాలుపెట్టలేని సముద్రతీరాలు శుభ్రపడ్డాయి. ఆ పనికి డబ్బు బిల్లుల నుంచే వచ్చింది. మొదటి కొన్నేళ్లలోనే బిల్లులు బాగా పెరిగాయి. ఆ తర్వాత బిల్లులు పెంచొద్దన్న ఒత్తిడి ఆఫ్‌వాట్ మీద పడింది. రాజకీయ నాయకులకూ అదే నచ్చింది, కంపెనీలకూ అప్పు తేలిగ్గా దొరుకుతోంది. ఇరవై ఏళ్ల పాటు అందరికీ హాయిగా గడిచింది. భూమిలో గొట్టాలు మాత్రం పాతబడుతూ వచ్చాయి. శుద్ధి చేసిన నీళ్లలో దాదాపు ఐదో వంతు ఇప్పటికీ లీకేజీల్లో పోతోంది. 1992లో డెర్బీషైర్‌లో కార్సింగ్టన్ తెరిచాక ఇంగ్లాండ్‌లో పెద్ద రిజర్వాయరు ఒక్కటీ పూర్తికాలేదు.

మురుగు గొడవ ఇంత పెద్దదవడానికి ఇంకో కారణం కొలత. పొంగుద్వారం ఎన్ని గంటలు తెరుచుకుందో నమోదుచేసే మీటర్లు 2010 నాటికి చాలా కొద్ది చోట్లే ఉండేవి. 2023 చివరికి ఇంగ్లాండ్‌లోని దాదాపు 14 వేల ద్వారాలన్నిటికీ బిగించారు. 2024లో ఆ ద్వారాల్లోంచి మురుగు పారిన కాలం 36 లక్షల గంటలు. ఈ అంకె ఎంత ఘోరమైనదో, బయటికి రావడం అంత మేలైంది. సర్ఫింగ్ చేసేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు, నది పక్కన ఇళ్లున్నవాళ్లు ఆ లెక్కలు పట్టుకుని అడగడం మొదలుపెట్టారు. అడగడానికి ఆధారం దొరికితే జనం ఏం చేయగలరో ఇంగ్లాండ్ నదుల ఒడ్డున చూడొచ్చు.

ఇప్పుడు వాయిదా వేసిన ఖర్చంతా ఒకేసారి వచ్చి పడింది. 2025 నుంచి 2030 దాకా ఇంగ్లాండ్, వేల్స్‌లలో 10,400 కోట్ల పౌండ్ల ఖర్చుకు 2024 డిసెంబరులో ఆఫ్‌వాట్ అనుమతించింది. ద్రవ్యోల్బణం కలపకుండానే బిల్లులు ఐదేళ్లలో సగటున 36 శాతం పెరుగుతాయి. 2025 ఏప్రిల్ నుంచి సగటు బిల్లు ఏడాదికి 603 పౌండ్లైంది. లండన్ కింద 25 కిలోమీటర్ల పొడవు, 7.2 మీటర్ల వెడల్పున్న కొత్త సొరంగం అదే ఏడాది ఫిబ్రవరిలో పూర్తిగా అందుబాటులోకి వచ్చింది. బజల్‌గెట్ సొరంగాలు పొంగినప్పుడు ఆ నీటిని నదిలోకి పోనీయకుండా పట్టి శుద్ధికి పంపడం దాని పని. దాని ఖర్చు కూడా థేమ్స్ వాటర్ ఖాతాదారుల బిల్లుల్లోనే కలిసింది. జులైలో సర్ జాన్ కన్లిఫ్ కమిషన్ 88 సిఫారసులతో నివేదిక ఇచ్చింది. ఆఫ్‌వాట్‌ను రద్దుచేసి, ధరలు, తాగునీటి తనిఖీ, మురుగు కాలుష్యం అన్నీ చూసే ఒకే నియంత్రణ సంస్థ పెట్టాలన్నది అందులో ముఖ్యం. ప్రభుత్వం ఒప్పుకుంది.

వేల్స్: ఒక్క పౌండు

వేల్స్‌లో నీళ్ల మాటెత్తితే ముందు కాపెల్ కెలిన్ పేరు వస్తుంది. ట్రెవెరిన్ లోయలో వెల్ష్ భాష మాట్లాడుకునే చిన్న పల్లె. లివర్‌పూల్‌కు నీళ్లు కావాలని అక్కడ ఆనకట్ట కట్టడానికి 1957లో బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసింది. వేల్స్ సభ్యుల్లో ఒక్కరు కూడా దానికి అనుకూలంగా ఓటు వేయలేదు. అయినా చట్టం నెగ్గింది. 1965లో బడి, ప్రార్థనామందిరం, ఇళ్లు, శ్మశానం అన్నీ నీట మునిగాయి. శ్రీశైలం ముంపులో ఊళ్లు వదిలిన కుటుంబాలకు, పోలవరం కింద ఊళ్లు వదులుతున్నవాళ్లకు ఈ కథ విడమరిచి చెప్పాల్సిన పనిలేదు. లివర్‌పూల్ నగరపాలక సంస్థ 2005లో క్షమాపణ చెప్పింది. అంతకుముందే, 1904 నుంచి, ఇలాన్ లోయ నీళ్లు దాదాపు 118 కిలోమీటర్లు, పంపులు లేకుండా కేవలం వాలు మీద పారి బర్మింగ్‌హామ్ చేరుతున్నాయి. నీళ్లు తమవి, నిర్ణయం పక్క దేశానిది అన్న బాధ వేల్స్‌లో ఇప్పటికీ పచ్చిగానే ఉంది.

1989లో వేల్స్ జలసంస్థ కూడా అమ్ముడుపోయింది. అలా ప్రైవేటుగా మారిన కంపెనీ కరెంటు వ్యాపారంలోకీ ఇంకా చాలావాటిలోకీ విస్తరించి, అప్పుల్లో కూరుకుపోయింది. 2001లో గ్లాస్ కమ్రీ అనే కొత్త సంస్థ ఆ నీళ్ల కంపెనీని ఒక్క పౌండుకు కొని, దాని 185 కోట్ల పౌండ్ల అప్పును నెత్తిన పెట్టుకుంది. ఈ సంస్థకు వాటాదారులు లేరు. మిగులు ఉంటే గొట్టాల మీదికో, పేద ఇళ్ల బిల్లు రాయితీల మీదికో, అప్పు తగ్గించడానికో పోవాలి.

నాకు ఈ ఏర్పాటు మీద గౌరవం ఉంది. పోటీలేని వ్యాపారంలో పుట్టిన మిగులు ఆ వ్యాపారంలోనే ఉండిపోవడం న్యాయమని నా నమ్మకం. కానీ యాజమాన్యం మారగానే అన్నీ బాగుపడిపోవని కూడా వేల్స్ చూపిస్తోంది. లీకేజీ, తలసరి నీటి వాడకం లెక్కలను ఈ కంపెనీ ఉన్నదానికంటే మెరుగ్గా చూపించిందని ఆఫ్‌వాట్ విచారణలో బయటపడింది. 2024లో 4 కోట్ల పౌండ్ల మేర పరిహారానికి ఒప్పందం కుదిరింది. అక్కడి నదుల్లోకీ మురుగు పారుతూనే ఉంది. లాభం పంచుకునేవాళ్లు లేకపోయినా లెక్క దాచాలన్న కోరిక పుట్టగలదు.

స్కాట్లాండ్: అడిగి చూశారు

థాచర్ తర్వాత వచ్చిన జాన్ మేజర్ ప్రభుత్వం స్కాట్లాండ్ నీళ్లనూ అమ్మే ఆలోచన చేస్తుందన్న భయం 1990లలో గట్టిగా ఉండేది. గ్లాస్గో చుట్టుపక్కల స్ట్రాత్‌క్లైడ్ ప్రాంతీయ మండలి 1994లో తనంతట తానే పోస్టు ద్వారా అభిప్రాయసేకరణ జరిపింది. పది మందిలో ఏడుగురు బ్యాలట్ తిప్పి పంపారు. వాళ్లలో 97 శాతం వద్దన్నారు. ఆ తర్వాత అమ్మకం మాట ఎత్తడానికి ఎవరూ సాహసించలేదు. 2002లో మూడు ప్రభుత్వ సంస్థలను కలిపి స్కాటిష్ వాటర్‌ను పెట్టారు.

ఇళ్లకు మీటర్లు దాదాపు లేవు. ఇంటి విలువ బట్టి రేటు, కౌన్సిల్ ట్యాక్స్‌తో కలిపి వసూలు. డివిడెండు లేదు. అప్పు స్కాట్లాండ్ ప్రభుత్వం దగ్గరే తెచ్చుకుంటుంది. ప్రభుత్వ సంస్థే అయినా ధరలు తేల్చడానికి వేరే స్వతంత్ర కమిషన్ ఉంది. మంత్రి ఇష్టానికి బిల్లు పెరగకుండా, ఎన్నికల కోసం తగ్గకుండా కాపాడేది అదే. ఈ ఒక్క ఏర్పాటును మన జలమండళ్లు తెచ్చుకోగలిగితే ఎంత బాగుండునో. సగటు బిల్లు ఇంగ్లాండ్ కంటే తక్కువ.

అయితే స్కాట్లాండ్ నదులు ఎంత శుభ్రంగా ఉన్నాయో ఇంగ్లాండ్‌తో పోల్చి చెప్పడం కష్టం. ఇంగ్లాండ్ తన పొంగుద్వారాలన్నిటికీ మీటర్లు బిగించిన నాటికి స్కాట్లాండ్ కొద్ది వాటికే బిగించింది. నిలదీయడానికి ప్రైవేటు యజమాని లేకపోవడంతో కోపం కూడా కాస్త నెమ్మదిగానే వచ్చింది.

ఉత్తర ఐర్లాండ్: బిల్లు లేదు, ఇల్లూ లేదు

బెల్‌ఫాస్ట్ వైపు 2007లో నార్దర్న్ ఐర్లాండ్ వాటర్ అనే ప్రభుత్వ కంపెనీ పెట్టారు. ఇళ్ల నుంచి బిల్లు వసూలు చేయాలన్నది అసలు పథకం. ఎన్నికలు దగ్గరపడ్డాయి, అన్ని పార్టీలూ వద్దన్నాయి, వాయిదా వేశారు. ఆ వాయిదా ఇప్పటికీ నడుస్తోంది. ఇళ్ల తరఫున డబ్బు ప్రభుత్వ శాఖ బడ్జెట్ నుంచి కడుతుంది.

ఇంత పని అవసరం, దానికి ఇంత ఖర్చు అని అక్కడి నియంత్రణ సంస్థ లెక్క కడుతుంది. ప్రభుత్వం మాత్రం ఆసుపత్రులు, బడులు, రోడ్ల తర్వాత మిగిలినంతే ఇవ్వగలుగుతుంది. పేరుకు కంపెనీయే అయినా ఆదాయం ప్రభుత్వ బడ్జెట్ నుంచే వస్తుంది కాబట్టి బయట అప్పు తెచ్చుకునే స్వేచ్ఛ లేదు. ఫలితం చాలా స్థూలంగా కనిపిస్తుంది. వందకు పైగా ఊళ్లలో మురుగు గొట్టాలకూ ప్లాంట్లకూ ఇంకో ఇంటిని మోసే సత్తా లేదు. అందుకని అక్కడ కొత్త ఇళ్లకు కనెక్షన్ ఇవ్వడం కష్టమైపోయింది. ఇల్లు కొనుక్కుందామని ఎదురుచూస్తున్న కుర్ర జంట నీళ్ల బిల్లు కట్టడం లేదు, నిజమే. ఆ బిల్లును ఇంటి అద్దె రూపంలో కడుతోంది.

2023 వేసవిలో లాఖ్ నే సరస్సు పచ్చటి రంగు పోసినట్టు మారిపోయింది. యునైటెడ్ కింగ్‌డమ్‌లో వైశాల్యంలో అతిపెద్ద సరస్సు అది. ఉత్తర ఐర్లాండ్ తాగునీటిలో దాదాపు 40 శాతం అక్కడి నుంచే వస్తుంది. విషపు నాచు పట్టడానికి మొదటి కారణం పొలాల నుంచీ పశువుల శాలల నుంచీ వచ్చే ఎరువు, ఆ తర్వాతది మురుగునీరు. తర్వాతి వేసవుల్లోనూ నాచు మళ్లీ వచ్చింది.

ఐర్లాండ్: బిల్లు మీద తిరుగుబాటు

ఐర్లాండ్ గణతంత్రంలో జరిగింది చదివినప్పుడల్లా నాకు రెండు వైపులవాళ్ల మీదా సానుభూతి కలుగుతుంది.

1977 ఎన్నికల్లో ఇంటి పన్ను రద్దుచేస్తామన్న హామీతో ఫియన్నా ఫాయిల్ పార్టీ భారీగా గెలిచింది. అన్నట్టే పన్ను తీసేశారు. స్థానిక సంస్థల సొంత ఆదాయం ఎండిపోయింది. నీళ్ల రుసుము విడిగా వేయబోతే డబ్లిన్‌లో జనం కట్టబోమన్నారు. 1997లో అదీ పోయింది. నీళ్లు పన్నుల డబ్బుతో 34 నగర, జిల్లా కౌన్సిళ్ల చేతిలో నడిచాయి. డబ్బున్న కౌన్సిల్ బాగు చేసుకుంది, లేనిది గొట్టాలు మరిచిపోయింది. 2007లో గాల్వే నగరంలో తాగునీటిలో క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి చేరి, జనం నెలల తరబడి నీళ్లు కాచుకుని తాగాల్సి వచ్చింది. ఆర్క్‌లో లాంటి తీరపట్టణాల మురుగు ఏ శుద్ధీ లేకుండా నేరుగా నదిలోకి పోయేది.

2008లో బ్యాంకులు కూలాయి. 2010 నవంబరులో ఐర్లాండ్ యూరోపియన్ యూనియన్, అంతర్జాతీయ ద్రవ్యనిధి దగ్గర అప్పు తెచ్చుకోవాల్సి వచ్చింది. ఆ అప్పు షరతుల్లో నీళ్ల బిల్లు కూడా ఒకటి. 2013లో ఐరిష్ వాటర్ అనే జాతీయ సంస్థ పెట్టి, 2014 అక్టోబరు నుంచి రుసుము మొదలుపెట్టారు. అప్పటికే జీతాలు తెగ్గోసుకుని, పన్నులు పెరిగి, పిల్లలు వలస వెళ్లిపోయి అలసిపోయిన జనానికి అది ఆఖరి దెబ్బలా తగిలింది. బ్యాంకుల అప్పు తాము మోశామన్న కోపమంతా నీళ్ల మీటరు దగ్గర బయటపడింది. సంస్థ మొదటి ఏడాదే కన్సల్టెంట్ల మీద దాదాపు 5 కోట్ల యూరోలు ఖర్చుపెట్టిందని తెలిశాక కోపం రెట్టింపైంది. రిజిస్ట్రేషన్‌కు మన ఆధార్ లాంటి వ్యక్తిగత నంబరు అడగడంతో, ఇదంతా రేపు ఎవరికో అమ్మడానికేనన్న అనుమానం గట్టిపడింది. మీటర్లు బిగించేవాళ్లను వీధుల్లోనే అడ్డుకున్నారు. డబ్లిన్‌లో పదుల వేలమంది ఊరేగారు.

ప్రభుత్వం వెనక్కి తగ్గి ఏడాదికి ఒంటరి మనిషికి 160, మిగతా ఇళ్లకు 260 యూరోలని పరిమితి పెట్టింది. ఆ తగ్గింపే పథకం వెన్ను విరిచింది. ఇళ్ల నుంచి తగినంత ఆదాయం వస్తే ఐరిష్ వాటర్ అప్పును ప్రభుత్వ అప్పు కింద లెక్కించనక్కర్లేదన్నది మొదటి ఆశ. వచ్చే ఆదాయం చాలదని, అది ప్రభుత్వ లెక్కలోనే ఉండాలని 2015లో యూరప్ గణాంక సంస్థ యూరోస్టాట్ తేల్చేసింది. 2016 ఎన్నికల తర్వాత రుసుము ఆపేశారు. 2017లో కట్టినవాళ్లకు తిరిగి ఇచ్చారు. బిగించిన 8 లక్షలకు పైగా మీటర్లు నేలలోనే ఉండిపోయాయి, లీకేజీలు కనిపెట్టడానికి పనికొస్తున్నాయి.

ఓడిపోయింది రుసుము ఒక్కటే. కౌన్సిళ్ల చేతుల్లోంచి గొట్టాలన్నీ ఒకే జాతీయ సంస్థకు రావడమన్న సంస్కరణ నిలబడింది. ఇప్పుడు దాని పేరు ఐరిష్ భాషలో ఇష్క ఏరన్. డబ్బు ఖజానా నుంచి వస్తోంది. 2018లో సగానికి కొంచెం తక్కువగా ఉన్న లీకేజీ తగ్గుతూ వస్తోంది. ఆర్క్‌లోలో 2025లో మురుగు శుద్ధి ప్లాంటు తెరిచారు, ఆ ఊరి నది తరాల తర్వాత తేటపడుతోంది. ఖజానా నిండుగా ఉన్న రోజులివి కాబట్టి ఇంత జరుగుతోంది. మళ్లీ 2010 లాంటి ఏడాది వస్తే గొట్టాల వంతు ఎక్కడుంటుందన్నదే నా బెంగ.

ఈ మాట రాస్తుంటే హైదరాబాద్ గుర్తుకు రాక మానదు. ఇంగ్లాండ్‌లో జలసంస్థలు అమ్ముడుపోయిన 1989లోనే హైదరాబాద్ జలమండలి పుట్టింది. 2021 జనవరి నుంచి నగరంలో ఇంటికి నెలకు 20 వేల లీటర్ల వరకు నీళ్లు ఉచితం. పేద ఇంటికి అది ఎంత ఊరటో తెలిసినవాణ్ని, ఆ పథకాన్ని తప్పుపట్టను. అదే ఏడాది మూసీలోకి మురుగు పోకుండా 3,866 కోట్ల రూపాయలతో 31 ఎస్‌టీపీలు, అంటే మురుగు శుద్ధి ప్లాంట్లు, కట్టాలని ప్రభుత్వం నిర్ణయించింది. ప్లాంటు కట్టడం ఒక ఖర్చు, ముప్పై ఏళ్లు నడపడం ఇంకో ఖర్చు. ఆ రెండోది బిల్లు నుంచి రాకపోతే బడ్జెట్ నుంచి ఏటా, ఏ ప్రభుత్వం వచ్చినా, కచ్చితంగా వచ్చేలా చట్టంలోనే రాసుకోవాలి. బెల్‌ఫాస్ట్‌లో రాసుకోలేదు.

ఐదు పద్ధతులు ఒకచోట కలిసేది ఎక్కడా లేదు గానీ, రెండు కలిసే చోటు ఒకటుంది. ఉత్తర ఐర్లాండ్‌కూ గణతంత్రానికీ మధ్య సరిహద్దు మీద లాఖ్ ఫోయిల్ అనే అఖాతం ఉంది. అటు డెర్రీ నగరం, ఇటు డొనెగల్ పల్లెలు, ఇరువైపుల మురుగూ చేరేది అందులోకే. తూర్పు కొసన కార్లింగ్‌ఫర్డ్ అఖాతానిదీ ఇదే పరిస్థితి. అటూ ఇటూ ఇళ్లకు నీళ్ల బిల్లు లేదు. రెండు ప్రభుత్వాల దగ్గరా చాలినంత డబ్బు చాలా ఏళ్లు లేదు. చివరికి యూరోపియన్ యూనియన్ సరిహద్దు నిధి నుంచి వచ్చిన సుమారు 3.5 కోట్ల యూరోలతో నార్దర్న్ ఐర్లాండ్ వాటర్, ఐరిష్ వాటర్ కలిసి రెండు వైపులా శుద్ధి ప్లాంట్లు బాగుచేశాయి. ఇరుదేశాల ఇంజినీర్లు అఖాతం మొత్తానికి ఒకే నమూనా తయారుచేసి, ఏ గొట్టం నుంచి ఎంత కాలుష్యం ఎటు పారుతోందో కలిసి లెక్కగట్టారు. బ్రిటన్ యూరప్ నుంచి బయటికి వచ్చేసే రోజుల్లోనే ఈ పని సాగింది. అఖాతంలో నీళ్లు పోటుకూ ఆటుకూ సరిహద్దు చూసుకోకుండా కదులుతుంటాయి, కాబట్టి ఒక ఒడ్డున మాత్రమే ప్లాంటు కట్టి ప్రయోజనం లేదని వాళ్లకు ముందునుంచే తెలుసు.